పెద్ద డ్రమ్ము చందూలాల్

చందూలాల్ గురించి నన్ను అడిగితే మంచిగా చెప్పలేను. ముందే ఒప్పుకుంటున్నాను, వాడంటే నాకు కుళ్ళు.

భద్రాచలంలో మా అన్న ఖాలిద్‌కు పెళ్ళి బ్యాండు ఉంది. అన్నది క్లారినెట్, నాది సైడు డ్రమ్ము. నా పుల్లలు లేస్తే గుర్రం మీది పెళ్ళికొడుకు కూడా భుజాలు ఎగరేయాల్సిందే. చందూలాల్ అడవి అంచున ఉన్న తండా నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా పెద్ద డ్రమ్ము మోస్తున్నాడు. మోయడమే. ఢమ్, ఢమ్, అంతే. ఒక్క మెలిక తిప్పడు. మేకులు కొట్టేవాడికీ నీకూ తేడా ఏముందిరా అనేవాణ్ణి.

"నాకు గింతే వస్తది సలీం భాయ్" అని నవ్వేవాడు. పొద్దున్నే మిరపతోటకు నీళ్ళు కట్టి బస్సెక్కి వచ్చేవాడు. ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. అదీ నాకు గిట్టేది కాదు.

మూడేళ్ళ కింద అన్నకు పార్కిన్సన్స్ వచ్చింది. వేళ్ళు వణికి క్లారినెట్ పోయింది. తర్వాత నడక పోయింది. గడప దగ్గరికి వచ్చేసరికి అరికాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ, "తాళం వినబడితే కాలు కదుల్తది. మీరు బ్యాండోళ్ళే కదా, ఇంట్ల కొట్టుండ్రి" అంది.

నా ఛాతీ పొంగింది. ఆ సాయంత్రమే డ్రమ్ము తగిలించుకుని నా విద్యంతా చూపించాను. అన్న తల ఊపాడు గానీ అడుగు వేయలేదు.

"ఏ దెబ్బకు కాలెయ్యాల్నో తెలుస్తలేదు సలీం."

అరుగు మీద కూర్చున్న చందూలాల్ తన పెద్ద డ్రమ్ము మీద ఢమ్మని ఒక్కటి కొట్టాడు. అన్న కాలు లేచింది. ఢమ్. రెండో కాలు. గడప దాటి వీధిలోకి వెళ్ళిపోయాడు. వదిన గుల్నాజ్ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, వేరే కారణంతో.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ వాణ్ణే నెత్తిన పెట్టుకున్నారు. మొదటి చాయ్ వాడికే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? నా ఒళ్ళు మండిపోయేది.

దర్గాలో గంధం ఊరేగింపు రోజు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా గంధం ముందు నడిచిన అన్న ఈసారి చక్రాల కుర్చీలో రానన్నాడు. "నడిచే వస్త, లేకుంటె ఇంట్లనే ఉంట" అని మొండికేశాడు. ముందు చందూలాల్, వెనక అన్న, పక్కన నా డ్రమ్ముతో నేను. బజారంతా చందూలాల్‌నే చూస్తోంది. దర్గా మలుపులో ఇక తట్టుకోలేకపోయాను. గుర్రం పరుగులాంటి దరువు ఒకటి విసిరాను. జనం ఈలలు వేశారు. అన్న కాళ్ళు అక్కడే బిగుసుకుపోయాయి, ఒళ్ళు మాత్రం ముందుకు పోయింది. నేను పట్టుకోకపోతే ముఖం రాళ్ళకు కొట్టుకునేదే.

చందూలాల్ అన్నకు ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ అదే దెబ్బ మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పుల్లలు నడుముకు దోపుకుని మెట్ల దాకా వట్టి చేతులతో నడిచాను. అన్న తన కాళ్ళ మీదే లోపలికి వెళ్ళి గంధం సమర్పించాడు.

బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇయ్యాల మంచిగ కొట్టినవ్ సలీం."

"చివరికి నేను కొట్టనే లేదు భాయ్."

"అవ్. అదే అంటున్న."

ముప్పై ఏళ్ళలో అన్న నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అదీ చందూలాల్ వింటుండగా.