పై పేరు నొక్కిన వీధి

ఈ సంగతి ఇంతకు ముందే రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం తెలీదు. అమ్మానాన్న ఇద్దరూ కోడంబాక్కం స్టూడియోల్లో పనికి పోయేవాళ్ళు. ఇంట్లో నా తర్వాత ముగ్గురు చిన్నవాళ్ళు. నన్ను బడికి పంపితే వాళ్ళను చూసుకునే మనిషి లేదు. పెద్దయ్యాక ముందు తమిళం చదవడం, రాయడం నేర్చుకున్నాను, ఉద్యోగానికి అది కావాలి గనక. తెలుగు ఆ తర్వాత, మా కింది వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు రాయగలను, అందుకే రాస్తున్నాను.

నేను పని చేసేది సర్వే కంపెనీలో. అసెంబ్లీ ఎన్నికలకు ఇంకా ఏడాది ఉన్న రోజుల్లో ఒక పార్టీ మా కంపెనీకి ఉత్తర మద్రాసులో ఒక నియోజకవర్గం పని ఇచ్చింది. పేపర్లో వచ్చే సర్వేలు వేరు, ఇవి వేరు. పార్టీలు తమ కోసం చేయించుకునేవి బయటికి రావు. దీన్ని ట్రాకింగ్ పోల్ అంటారు. అంటే ఒకసారి అడిగి వదిలేయకుండా నెలనెలా అదే నియోజకవర్గంలో అవే ప్రశ్నలు అడుగుతారు. పోయిన నెలకన్నా మద్దతు పెరిగిందా తగ్గిందా, ఆడవాళ్ళలో ఎట్లా ఉంది, ఏ పేటలో జారుతోంది అని గీత గీసి చూసుకుంటారు. టికెట్ ఎవరికివ్వాలి, నాయకుడి వ్యాను ఏ వీధిలోకి రావాలి అన్నది కూడా ఆ గీతను చూసే తేల్చుకుంటారు.

ఏ ఇంటికి పోవాలో మేము ఎంచుకోము. ఓటర్ల జాబితాలోంచి ఇన్ని ఇళ్ళకొక ఇల్లని ఆఫీసువాళ్ళే తీసి ఇస్తారు. అది శాంపిల్. ఆ ఇంట్లో తలుపు తీయలేదని పక్కింట్లో అడిగి వచ్చేస్తే తప్పు. మళ్ళీ పోవాలి. ఆ నియోజకవర్గంలోని కొరుక్కుపేటలో అయితే నీళ్ళ లారీ వచ్చే వేళకు అసలు పోకూడదు. బిందె చేతిలో ఉన్న ఆడమనిషిని ముఖ్యమంత్రి వచ్చి అడిగినా జవాబు చెప్పదు. లారీ పోయినాక, వంటకు ముందు ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలోనే మా పని.

మొదట నన్ను తీసుకున్నది అడగడానికి కాదు. అంతకు ముందు టి. నగర్‌లో చీరల కొట్టులో చీరలు విప్పి చూపించే పని చేసేదాన్ని. ఎదుటి మనిషి నోరు తెరవక ముందే ఆమెకేం కావాలో పట్టుకోవడం అక్కడ అలవాటైంది. సర్వే పిల్లలకు తోడుగా పోయి తలుపు తీయించడానికి పెద్ద వయసు ఆడమనిషి కావాలన్నారు. చేరేటప్పుడు ఏం చదివావని అడిగితే ఎనిమిది అని చెప్పాను. ఎనిమిది లేనిదే తీసుకోరని బయటే విన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు కష్టపడి చదవడం నేర్చుకుని, సర్వే చేసి, సూపర్‌వైజర్‌నయ్యాను. నా కింద ఆరుగురు అమ్మాయిలు. మా ఆయనకు నడుం పోయి ఇంట్లో ఉన్నాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తుంది. ఆ ముందు సంవత్సరమే దొంగ సర్టిఫికెట్ ఇచ్చాడని ఒక సూపర్‌వైజర్‌ను ఉన్నపళంగా పంపించేశారు.

ఆ సర్వే నడుస్తుండగా ఒక నెల కొత్త పద్ధతి వచ్చింది. అంతవరకు మా అమ్మాయిలు ప్రశ్న చదివి, జవాబు విని, వాళ్ళే టాబ్‌లో నొక్కేవాళ్ళు. భర్తో అత్తో పక్కనుంటే ఆడవాళ్ళు మనసులో మాట చెప్పరు గదా. అందుకని టాబ్ వాళ్ళ చేతికే ఇచ్చి, మేము అటు తిరిగి నిలబడాలన్నారు. ప్రశ్న ఒకటే. ఈ పార్టీ తరఫున ఎవరు నిలబడితే మీరు ఓటేస్తారు? కింద నాలుగు పేర్లు, తమిళంలో. నలుగురిదీ ఒకే పార్టీ గనక గుర్తు బొమ్మ లేదు. అందరికన్నా పైనున్న పేరు ఒక కాంట్రాక్టరుది.

నెలాఖరుకు మా మేనేజర్ కార్తీక్ సార్ షోళింగనల్లూరు ఆఫీసుకు రమ్మని ఫోన్ చేశాడు. మా ఆరుగురిలో నందిని అనే అమ్మాయి కొరుక్కుపేటలో చేసిన వీధిలో పెద్ద వయసు ఆడవాళ్ళు ఇంచుమించు అందరూ ఆ కాంట్రాక్టరునే నొక్కారట. మా పనిలో వరసగా ఒకే జవాబు వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. ఇళ్ళకు పోకుండా టీ కొట్టులో కూర్చుని తనే నొక్కేసిందని. ఎందుకైనా మంచిది, ఒకసారి బ్యాక్ చెక్ చేసి రా, తర్వాత ఆ పిల్లను పంపేద్దాం అన్నాడు. బ్యాక్ చెక్ అంటే, సర్వే అయిన ఇంటికే ఇంకో మనిషి పోయి, నిజంగా వచ్చి అడిగారా అని కనుక్కోవడం.

పోయాను. మొదటి ఇంట్లో మునెమ్మ అని, పూలు కట్టే ముసలామె. మాట వింటూనే మనవాళ్ళేనని తెలిసి తెలుగులో అడిగాను. ఆ పిల్ల వచ్చిందని, నీళ్ళిస్తే తాగిందని చెప్పింది. టాబ్ చేతికిచ్చిందని కూడా చెప్పింది. మరి ఆ కాంట్రాక్టరు ఎందుకు నచ్చాడని అడిగాను.

"ఎవురు? కాలవ తవ్వి అట్నే పారేసి పోయినోడా? వాడికి నేనెందుకేస్తా?"

"నువ్వు నొక్కింది ఆయన పేరే గదా పెద్దమ్మా."

"నొక్కమన్నారు, నొక్కితిని. పైన నొక్కితిని. కంటద్దాలు ఆడ మేడ మింద ఉండాయి, ఎవురు తెస్తారు?"

మూడు నాలుగు ఇళ్ళు తిరిగాను. ఒకామె అద్దాలు రిపేరుకిచ్చానంది. ఒకామె పొయ్యి మీద పాలున్నాయని తొందరగా ఏదో ఒకటి నొక్కానంది. ఇంకొకామె, కొడుకొచ్చాక చూసి చెబుతానంటే ఆ పాప నువ్వే నొక్కాలందమ్మా అని నా మీదే విసుక్కుంది. చదవడం రాదని ఒక్కరూ అనలేదు.

ఎవరూ అడక్కముందే అద్దాలు తెచ్చుకోలేదని చెప్పి నేను నలభై ఏళ్ళు గడిపాను. బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషన్ కొట్టులో. కాగితం ఇచ్చి ఎక్కడో ఒక చోట గుర్తు పెట్టమంటే పైనే పెట్టేదాన్ని. పైన పెడితే ఎవరూ మళ్ళీ అడగరు. ఆ వీధిలో ఏం జరిగిందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆఫీసుకు పోయే బస్సులో ఓఎంఆర్ రోడ్డు పొడుగునా ఒకటే ఆలోచన. నందిని ఇళ్ళకు పోయిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అప్పుడు జవాబులు నిజమని పార్టీకి పోతాయి. జవాబులు తప్పని చెబితే, నీకెట్లా తెలుసు అని కార్తీక్ సార్ అడుగుతాడు. అడిగితే నా దగ్గర ఉన్నది ఒకటే సమాధానం.

అడిగాడు. నందిని తప్పు లేదు, వాళ్ళకు చదవడం రాదు, అందుకే పై పేరు నొక్కారు అన్నాను. కార్తీక్ సార్ కంప్యూటరు మీంచి తల తిప్పలేదు. చదువు అనే కాలమ్‌లో అందరూ ఐదో ఆరో చెప్పారు, రాదని ఒక్కరూ చెప్పలేదే, అన్నాడు. మేము మాట్లాడుకున్నది తమిళంలో.

"వాళ్ళు చెప్పరు సార్. నేనూ చెప్పలేదు."

అప్పుడు తిరిగాడు.

"ఈడ చేరేటప్పుడు ఎనిమిది చదివినానని రాయించినాను. అప్పుడు నాకు నా పేరు రాయడం కూడా రాదు. బడికి పోలేదు. చదవడం చేరినాక నేర్చుకున్నాను."

హెచ్.ఆర్. వాళ్ళకు చెప్పాల్సి వస్తుందక్కా అన్నాడు. చెప్పండి అన్నాను. ముందు లెక్క సరిచేయండి, నా సంగతి తర్వాత చూద్దురు గాని అన్నాను.

అతను తెలివైనవాడు. వెంటనే దారి చెప్పాడు. ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు పైకి వచ్చేటట్టు కంప్యూటరే కలిపేస్తుంది, అది చేస్తే సరిపోతుందన్నాడు.

"సరిపోదు సార్. ఇప్పుడు తప్పంతా ఒకడికే పోతా ఉంది. కలిపితే నలుగురికీ సమంగా పోతుంది. ఆయమ్మ మనసులో ఉండేది అప్పుడూ మనకు రాదు."

పెన్ను టేబుల్ మీద పెట్టి, మరి ఏం చేద్దామో నువ్వే చెప్పు అన్నాడు. ఆ మాట నేను ఆ ఆఫీసులో మొదటిసారి విన్నాను. పేర్లు చదవడం రానివాళ్ళు ముఖాలు గుర్తుపట్టలేరా, ఆ పేట గోడల నిండా ఆ నలుగురి పోస్టర్లే గదా అన్నాను. అరచేతంత అట్టముక్కల మీద ఫోటోలు అంటించి, ప్రతి ఇంటికీ కలిపి, ముందర పరిచి, పేరు పైకి చదివి చెబుతాం. ఐదో అట్ట ఖాళీది, వీళ్ళెవరూ వద్దు అనడానికి. చదువు గురించి అసలు అడగొద్దు. అడిగితేనే అబద్ధం వస్తుంది.

ఆ సాయంత్రమే ఫోటోలు ప్రింటు తీయించాడు. నందిని పేరు తీసేసే జాబితాలోంచి కొట్టేశాడు. నెల తర్వాత హెచ్.ఆర్. వాళ్ళు పిలిచి, హెచ్చరిక కాగితం ఒకటిచ్చి, ఇంకో కాగితం మీద నిజం రాయించుకుని, సూపర్‌వైజర్‌గానే ఉంచారు. పార్టీ టికెట్ ఎవరికిచ్చిందన్నది వాళ్ళ పని. కాంట్రాక్టరుకు మాత్రం ఇవ్వలేదు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. వచ్చిన జవాబు నమ్మేలా లేకపోతే ముందు జవాబు చెప్పినవాళ్ళనో, రాసుకున్నవాళ్ళనో అనుమానిస్తాం. మనం అడిగిన తీరును అందరికన్నా చివర అనుమానిస్తాం. ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలకు నేను తీసుకునే మొదటి క్లాసు ఇదే.

కార్తీక్ సార్‌కు నిజం చెప్పిన మరుసటి రోజు పొద్దున, ఉద్యోగం ఉందో లేదో నాకింకా తెలీదు. అయినా నీళ్ళ లారీ పోయేదాకా ఆగి, నందినిని తీసుకుని కొరుక్కుపేటలో పక్క వీధికి పోయాను. మొదటి ఇంట్లో ఒక పెద్దామె గడప మీద కూర్చుని ఆకుకూర ఏరుతా ఉంది. ఐదు అట్టలూ ఆమె ముందు పరిచాను. ఒక్కో పేరే చదివాను. ఆమె ఆకుకూర పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నలుగురి ముఖాలూ ఒక్కొక్కటే తీసి బోర్లా పెట్టి, కట్టగా నా చేతికిచ్చింది. ఖాళీ అట్ట ఒక్కటే గడప మీద మిగిలింది.

"రాసుకో" అంది.

నందిని నా వైపు చూసింది. ఉన్నదున్నట్టు నొక్కమన్నాను. నొక్కింది. అట్టలు కలుపుకుని తర్వాతి ఇంటి తలుపు కొట్టాను.