తొమ్మిది వందల తలుపు

ఆఫీసులో ఆమెను చాటుగా మిరపకాయ అనేవారు. ఎదురుగా మాత్రం మేడమ్. ఇనప మెట్లు, రెయిలింగులు చేసే సంస్థలో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం ఆమె పని. ముక్కు మీద కోపం అంటారు గానీ, ఆమె కోపానికి ముక్కు దాకా రావడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఎవరైనా "ఒకసారి చెక్ చేశారా?" అంటే చాలు, ఒంటికాలి మీద లేచేది.

ఆ కోపం వెనక గర్వించదగ్గ పనితనమే ఉంది. కంప్యూటర్ గీతకు అంకె ఉంటుంది తప్ప అది అంగుళమో మిల్లీమీటరో తెలియదు. సెట్టింగులో మనమే చెప్పాలి. చెప్పడం మరిచిపోతే అంగుళాల్లో గీసిన ఇల్లు మిల్లీమీటర్ల ఫైలులోకి వచ్చి బొమ్మరిల్లంత అయి కూర్చుంటుంది. దాన్ని ఇరవై అయిదు పాయింట్ నాలుగు రెట్లు పెంచాలి. అందుకే బయటినుంచి ఏ ఫైలు వచ్చినా ఆమె ముందు ఒక తలుపు వెతికి దాని వెడల్పు కొలిచేది. తొమ్మిది వందల మిల్లీమీటర్ల తలుపు కనబడితే ఫైలు మంచిదే. మనిషి పట్టే తలుపు అబద్ధమాడదని ఆమె నమ్మకం.

పాత మేడ ఒకటి కంటి ఆసుపత్రిగా మారుతోంది. దానికి కొత్త మెట్లు కావాలి. ఫైలు తెరిచి తలుపు కొలిచింది. సరిగ్గా తొమ్మిది వందలు. కింది నేలనుంచి పై నేలకు మూడు వేలు. అంకెలు అంత గుండ్రంగా ఉంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. మెట్లు గీసి పంపేసింది.

మెట్లు కోసి బిగించే ఫిట్టర్ ఆమె బావ, అక్క మొగుడు. నెమ్మదైన మనిషి. ఇనుము కోతకు ముందు ఆఫీసుకొచ్చి, "మరదలా, పాత మేడ కదా. ఒకసారి సైట్‌కొచ్చి టేపు రెండో చివర పట్టుకుంటావా? ఎత్తు కొలుద్దాం" అన్నాడు.

"నా గీత మీద నమ్మకం లేకపోతే మీరే గీసుకోండి బావా" అంది నలుగురూ వినేలా.

ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. కొలవలేదు. ఇంట్లో మాట పట్టింపులు వద్దనుకున్నాడు, పాపం.

మెట్లు నిలబెట్టాక పై నేలకు దాదాపు రెండంగుళాలు తక్కువ వచ్చింది. ఆసుపత్రి డాక్టరమ్మ ఆ ఖాళీ చూసి సంస్థ యజమానిని పిలిపించింది. యజమాని ఆఫీసుకొచ్చి చిందులు తొక్కాడు. "కొలవకుండా కోసే ఫిట్టర్ ఫిట్టరేనా? ఇవాళే తీసేస్తా."

మిరపకాయకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫిట్టర్ మీద, అతన్ని అంటున్న యజమాని మీద, అందరి మీదా. తన ఫైలు తెరిచి, బయటినుంచి మొదట వచ్చిన అసలు ఫైలును దాని పక్కనే తెరిచింది. అందులో తలుపు ముప్ఫై ఆరంగుళాలు, ఎత్తు నూట ఇరవై. తన దాంట్లో తొమ్మిది వందలు, మూడు వేలు. భాగిస్తే ఇరవై అయిదు. పాయింట్ నాలుగు లేదు.

"దీన్ని ఎవరు పెంచారు సార్?"

"నేనే. నువ్వు భోజనానికెళ్ళావు, తొందరలో ఇరవై అయిదు కొట్టాను. పాయింట్ నాలుగు ఎవడికి కనిపిస్తుంది?"

"డాక్టరమ్మకు కనిపించింది సార్."

యజమాని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "ఏమైనా సైట్ కొలవాల్సింది ఫిట్టరే" అని ఆ ఒక్క ముక్కే పట్టుకు వేలాడాడు. ఆ ముక్క నిజమే. అదే ఆమెను కాల్చింది. ముప్ఫై ఆరును ఇరవై అయిదుతో గుణిస్తే చక్కటి తొమ్మిది వందలే వస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. తన తలుపే తనను మోసం చేసింది. బావను కొలవనివ్వనిది తన నోరు.

యజమాని వెనకే ఆమె సైట్‌కు వెళ్ళేసరికి డాక్టరమ్మ ముందు బావ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. యజమాని తిడుతున్నాడు. మరదలు వద్దందని ఒక్క మాట అంటే గండం గడిచేది. ఆయన అనడం లేదు. ఆ మౌనం చూసి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయన్ని వదలండి సార్" అంది. "కొలుద్దామని వచ్చి అడిగాడు. నేనే నోరుపెట్టుకుని తరిమేశాను. లెక్క తప్పు పెంచింది మీరు, చూసి కూడా సరే అన్నది నేను. ఎవర్నైనా తీసేయాలంటే మనిద్దర్లో చూసుకోండి."

డాక్టరమ్మ యజమానికేసి చూసి, "ఈ మెట్లు సరిచేసేది ఈ ఫిట్టరే. మీరు మాత్రం ఇక మాట్లాడకండి" అంది.

బావ జేబులోంచి టేపు తీశాడు. ఆమె చెయ్యి చాపింది. తిడతాడేమో, తిడితే బాగుండుననుకుంది. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. అక్కను పెళ్ళాడిన నాటినుంచి ఆయనలో కోపం చూడడం ఆమెకిదే మొదలు.

"ఆ రోజు పట్టుకోమన్నది కూడా ఈ చివరే" అన్నాడు, టేపు కొస ఆమె చేతిలో పెట్టి.

మిరపకాయ వంగి, ఆ కొసను నేలకు ఆనించి పట్టుకుంది.