మూడు వేళ్లు లేవని రోజు

మొన్న ప్రజ్ఞాపూర్‌లో బస్సు కోసం నిలబడితే, పక్క దుకాణంలోంచి వానకు తడిసిన జనపతాడు వాసన వచ్చింది. సిద్దిపేట బడి మైదానం, ఎండకు కాగే ఎర్రమట్టి, ముడులు వేసి వేసి పొక్కులెక్కిన మా వేళ్లు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చాయి.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో, నిజాం రాజ్యంలో, మా బడికి స్కౌటింగ్ వచ్చింది. ఇంగ్లండులో ఒక సైన్యాధికారి ధనవంతుల పిల్లల్నీ కూలివాళ్ల పిల్లల్నీ కలిపి ఒక దీవికి తీసుకుపోయి గుడారాల్లో ఉంచాడని, అదే దీనికి మొదలని మాస్టరు చెబుతుంటే, బడిలో వేరువేరుగా కూర్చునే మేము నోళ్లు తెరుచుకుని విన్నాం. ఆరుగురైతే ఒక దళం, దానికో నాయకుడు, ఒక పక్షి పేరు, ఆ పక్షి కూత. అలాంటి దళాలు కొన్ని కలిస్తే పటాలం. మాది నెమలి దళం. నాయకుడు యాదగిరి, నేతపనివాళ్ల పిల్లవాడు. వాళ్లమ్మ మగ్గం మీద మిగిలిన నూలుతో ఆరు మెడగుడ్డలు నేసి నీలిరంగు అద్దింది. పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ మూట కట్టుకుని వచ్చి, కూతలు కూసి కూసి గొంతులు పోగొట్టుకునేవాళ్లం.

ఎండాకాలం సెలవుల్లో కొండపాక దగ్గర మూడు రోజుల శిబిరం. అది కాగానే యాదగిరిని వాళ్ల నాయిన బొంబాయి దగ్గరి భివండికి, మగ్గాల పనికి తీసుకుపోతాడని మాకందరికీ తెలుసు.

శిబిరానికి ముందు ప్రతివాడూ మూడు వేళ్లెత్తి దేవుని మీద ప్రమాణం చేయాలి. మా బాపు క్రైస్తవ ఉపదేశి, పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాటను మా ఇంట్లో అక్షరాలా పాటించేవాళ్లం. ఆటల్లో కూడా "అవ్వతోడు" అనకుండా పెరిగాను.

బాపు మైదానానికి వచ్చి తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. "మాస్టర్ సాబ్, మావోడు అవునంటే అవునే. గంతే రాసుకోండ్రి. ఒట్టు మాత్రం వద్దు."

మాస్టరు నేల చూశాడు. "నా చేతుల ఉంటే గిప్పుడే ఒప్పుకుందు, అయ్యగారు. కాయిదా పట్నంల రాసిన్రు. ప్రమాణం లేకుంటే స్కౌటు కాడు, అయిదుగురైతే దళం కాదు, దళం కాకుంటే శిబిరం లేదు. రేపు పిలుస్త. వాని మనసుకే వదిలేద్దం."

బాపు తలూపాడు. ఇంకొకణ్ని వెతుకుదామంటే సెలవులకు పిల్లలంతా ఊళ్లకు పోయారు.

యాదగిరి నన్ను గోడ చాటుకు లాగాడు. "ఊకె వేళ్లు లేపురా. నోట్ల ఏమనకు. మీ దేవుడు మన బడి దిక్కే చూస్కుంట కూసున్నడా?" నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లు నవ్వలేదు.

"చూస్తడురా" అన్నాను.

మరునాడు నా పేరు పిలిచారు. ముందుకు పోయాను. చెయ్యి తొడకు అంటుకుని అట్లాగే ఉండిపోయింది. మాస్టరు మళ్లీ పిలిచాడు. బాపు దూరంగా కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు. ఏమని ప్రార్థించాడో నేను ఏనాడూ అడగలేదు. మిగతా దళాలు పాడుకుంటూ కొండపాక దారి పట్టాయి. దుమ్ము అణిగేదాకా మేం ఆరుగురం అక్కడే నిలబడ్డాం.

"పోనీ తీ, భివండిల గూడ గుడారాలే ఉంటయట" అన్నాడు యాదగిరి. నాలుగో రోజు వెళ్లిపోయాడు. మళ్లీ కలవలేదు.

ఆ మైదానం ఇప్పుడు దుకాణాలైంది. నెమలి కూత కూసే పిల్లలు లేరు, ఆ వీధిలో మగ్గాల చప్పుడూ లేదు. సంఘంలో పెద్దనై, ఒట్టు వద్దని నేనూ నమ్మి బోధిస్తున్నాను. బాపుది తప్పనలేను. కానీ మోకరించినప్పుడల్లా యాదగిరికి దక్కని మూడు రోజులు గుర్తొస్తాయి. వాటిని వాడికి ఇమ్మని ఇప్పుడెట్లా అడగాలో తెలియక, కొన్నిసార్లు ఆమెన్ అనకుండానే లేస్తాను.