రెండు వేళ్ళ సందు

నా చిన్నప్పుడు తప్పులు వెతకడం నాకొక ఆట. ఐదో తరగతిలోనే నా నోటుపుస్తకం చివరి పేజీలు జాబితాలతో నిండిపోయేవి: గోడ మీది రాతల్లో తప్పులు, బస్సు బోర్డుల్లో తప్పులు, మా తాతయ్య సంతకంలో వంకర్లు. అందుకే పక్కింటి అక్క తన ఉద్యోగ దరఖాస్తును సరిచూసే పని నాకు అప్పజెప్పినప్పుడు పొంగిపోయాను.

మేముండేది కోరమండల్ అనే గని ఊళ్ళో, బంగారు గని పనివాళ్ళ కోసం వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో. గని మూతపడేదాకా మా తాతయ్య భూమి లోపల కొయ్య పని చేశారు. సొరంగం పైకప్పు కూలకుండా కింద కొయ్యలు నిలబెట్టడం ఆయన పని. పక్కింటివాళ్ళు ముస్లింలు. అక్క ఆ ఏడే మెకానికల్ డిప్లొమా పూర్తి చేసింది. మాకు దగ్గర్లోని నరసాపురంలో బైకులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ట్రైనీలను తీసుకుంటోంది. నేను చెప్పబోయే రోజే దానికి ఆఖరి రోజు. మూడో లైన్‌లో ఉంటూ అక్కడే పనిచేసే ఒకన్న ఒంటిగంటకు కంపెనీ బస్సు ఎక్కుతాడు; కవరు తన చేతికిస్తే ఆఫీసులో ఇచ్చేస్తానన్నాడు. అంతకుముందు రెండు ఉద్యోగాలకు అక్క దరఖాస్తు రాస్తూ రాస్తూనే గడువు దాటించేసింది. ఇదీ పోతే అప్పటికి చేతిలో ఇంకేమీ లేదు.

మా వసారాలో వెలుతురు బాగుంటుందని అక్క అక్కడే కూర్చుని రాసేది. మార్జిను గీత కాస్త పక్కకు పోతే కాగితం మార్చేది. ఫోటో నాలుగుసార్లు తీయించుకుంది. ఒకదాంట్లో తల మీది దుపట్టా ఒకవైపుకు జరిగిందట, ఇంకోదాంట్లో కళ్ళు చిన్నవయ్యాయట. నేను లోపాలకు నంబర్లు వేసేవాడిని. ఆ పొద్దుటికి పంతొమ్మిది అయ్యాయి. పదకొండోది అన్నిటికంటే పెద్దది: 'అనుభవం' అన్న గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో అక్కకు ఎంతకీ తోచలేదు.

పదింటికి వాళ్ళమ్మ మా తాతయ్యకు టీ తెచ్చి, కింద పడి ఉన్న కాగితాలు చూసి నిట్టూర్చింది.

"ఏం చెప్పేదప్పా, పది దినాలుగా ఒక్క కాగితమే రాస్తా ఉండాది. ఈమె ముగించే లోపల వాళ్ళు ఫ్యాక్టరీ మూసుకోని పోతారు, మన గని మూసినట్ల."

అందరం నవ్వాం, అక్క తప్ప.

"నా పేరు చూస్తానే పక్కన పెట్టేవాళ్ళు ఉంటారు తాతా," అంది తలెత్తకుండా. "ఇంగ మిగతాదాంట్లో వాళ్ళకు వంక దొరకకూడదు. ఒక్కటీ."

వాళ్ళమ్మ నవ్వు ఆగిపోయింది. మా తాతయ్య అలాంటిదేమీ ఉండదని అనలేదు. టీ తాగడం ముగించి, గ్లాసు కింద పెట్టి, వసారా దూలం వైపు చూశారు. అది నడిమిలో కుంగిపోయింది; పైన రేకు వానకు కారేది.

"డిప్లొమా చదివినావు గదమ్మా. దీని కిందికి ఒక కొయ్య నిలబెట్టాల. కొలిచి కోసిపెట్టు, నా కండ్లు సరిగా కనపడవు."

"ఇప్పుడా తాతా?"

"నీ కాగితం యాడికీ పోదులే."

కొలతలంటే అక్క కాదనలేదు. నేను టేపు కొస పట్టుకున్నాను. మూడుసార్లు కొలిచింది. మూలమట్టం పెట్టి గీత గీసింది. రంపం గీత మీదే నడిచింది. కొయ్య పొడవుకూ, నేల నుంచి దూలం దాకా ఉన్న ఎత్తుకూ వెంట్రుకంత తేడా లేదు. నేను పుస్తకంలో 'సరి' అని రాశాను కూడా.

కానీ కొయ్య నిలబడలేదు. అడుగు నేల మీద ఆనించి పైకి లేపితే, నిటారు కాకముందే పై కొస దూలానికి తగులుకుంది. అక్క మళ్ళీ కొలిచింది. కొలత సరిగ్గానే ఉంది. సుత్తి తీసుకోబోతే తాతయ్య ఆపారు.

"కొట్టితే రేకు లేస్తాది. కొలత తప్పలేదమ్మా. సరిగ్గా కోసినావు, అందుకే నిలబడలేదు."

ఆ లెక్క నేను చాలా ఏళ్ళ తర్వాత కాలేజీలో వేసుకున్నాను. ఏడడుగుల కొయ్య, నాలుగంగుళాల మందం. వాలుగా ఉన్నదాన్ని నిలబెట్టేటప్పుడు మూల నుంచి మూలకు ఉండే పొడవు అడ్డం వస్తుంది. అది దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. అక్కకు అప్పుడే అర్థమైంది. నుదురు కొట్టుకుంది.

తాతయ్య కొయ్య కొసన రెండు వేళ్ళు ఆనించి, అంతమేర కోసేయమన్నారు. ఈసారి కొయ్య సులువుగా లేచి నిలబడింది, పైన సందు మిగిలింది. ఆ సందులో ఒక కొస పలచగా చెక్కిన రెండు చెక్క చీలికలను ఎదురెదురుగా దూర్చి కొట్టారు. గనిలో వాటిని అందరూ అరవంలో 'ఆప్పు' అనేవాళ్ళు. నాలుగు దెబ్బలకు కొయ్య బిగిసింది, దూలం కొంచెం పైకి లేచింది. అక్క రెండు చేతులతో ఊపి చూసింది. కదల్లేదు.

"గని లోపల మేమంతా కొంచెం పొట్టిగానే కోస్తా ఉంటిమి," అన్నారు తాతయ్య. "సరిగ్గా కోయాలనుకునేవాడు రాయి నెత్తిన పడేదాకా కోస్తానే ఉంటాడు."

"మరి అంత చేసినాక రాయి పడకుండా ఉంటాదా తాతా?"

అక్క అడిగింది రాయి గురించి కాదని నాకు అప్పుడు తెలియలేదు. తాతయ్యకు తెలుసు.

"కొన్ని తావుల పడతాది. అబద్ధం ఎందుకు చెప్పాల? అది రాయి పని. కొయ్య నిలబెట్టేది మటుకే మన పని. ఒకటి నిలబెట్టి, ఇంగోదానికి పోతా ఉంటిమి."

అక్క వచ్చి కూర్చుంది. ఉన్న కాపీల్లో ఒకటి తీసి, 'అనుభవం' గడిలో 'లేదు' అని రాసింది.

"అక్కా, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి!"

"నా పేరు తప్పు ఉండాదా?"

"లేదు."

"మార్కులు, అడ్రసు?"

"లేదు, కానీ మార్జిను..."

"చాలు పోరా ఇన్‌స్పెక్టరూ."

కవరు అంటించి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తింది. నేను వెనకాలే ఉరికాను. మూడో లైన్ అన్న అప్పటికే బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. "లోపల కాగితం ఉండాదా, ఉత్త కవరేనా?" అన్నాడు. అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆ ఫ్యాక్టరీ నుంచి పిలుపు రాలేదు. పేరు చూసి తీసేశారో, మార్కులు చాలలేదో, నా పద్దెనిమిది లోపాల్లో ఏదైనా కారణమో మాకు ఎన్నటికీ తెలియలేదు. కానీ తర్వాతి రెండు నెలల్లో అక్క ఇంకో ఐదు దరఖాస్తులు పంపింది, ఒక్కోటి ఒక్క పూటలో. ఐదోదానికి మాలూరులోని ఒక ఫ్యాక్టరీ నుంచి పిలిచారు. ఇప్పుడు అక్కడే విడిభాగాల కొలతలు సరిచూసే విభాగానికి ఆమే పెద్ద.

జాబితాలు రాసే అలవాటు నాకింకా పోలేదు. కాకపోతే పైన ముందు రాసేది, ఏవి తప్పయితే పని చెడుతుందో అవి. మిగతావాటి కోసం గడువు దాటనివ్వను. నా మొదటి ఉద్యోగానికి దరఖాస్తు పంపేసిన నిమిషానికి, అందులో ఒకచోట నెల పేరులో ఒక అక్షరం ఎగిరిపోయిందని చూశాను. దాన్నే చూస్తూ కొంతసేపు కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో కంపెనీ ఫారం తెరిచి, నా పేరు రాయడం మొదలుపెట్టాను.