అదుసెయ్ పక్క వాటా వాడు

కుమాసీ పట్నంలో వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టే అదుసెయ్‌కి ఒకటే జబ్బు. ఏం జరిగినా తప్పు పక్కవాడిదే అంటాడు. అన్నం మాడితే పక్క పొయ్యి సెగ తగిలిందంటాడు. చర్చిలో తను అపస్వరం తీస్తే పక్కవాడు లాగాడంటాడు. ఒకసారి తన చెప్పు తనే తొక్కుకుని బోర్లా పడి, అటుగా పోతున్న మేకను నానా తిట్లూ తిట్టాడు.

తన దగ్గరికొచ్చిన వాళ్ళ సైట్లన్నీ ఒకే ఖాతాలో పెడతాడు. ఒక వాకిలి, ఒక కుళాయి, పది కాపురాలున్న ఉమ్మడి లోగిలి అనుకోమంటాడు. ఎవరి సైటైనా నెట్ వెతుకులాటలో వెనకబడిందా, మొహం చిట్లించి, "పక్క వాటాలో లాటరీ జోస్యాల సైటొకటి దిగిందండీ. వాడి చెడ్డపేరు మీకంటింది. ఖాళీ చేయిస్తా" అంటాడు. కొన్నాళ్ళకు అంతా సర్దుకుంటుంది. ఆ లాటరీ వాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు.

అఫ్రాకోమా చూసి తీరాలనుకుంది. ఆమెది చావు ఇళ్ళకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. శనివారం వస్తే ఊరంతా అంత్యక్రియలే. అయినా ఆమె కుర్చీలు కొట్టం దాటడం లేదు. ఫోనులో ఎవరు వెతికినా ముందు పోటీదారు ఆసిబే షామియానాలే వస్తున్నాయి. ఇలాగే సాగితే లారీ అమ్ముకోవాల్సిందే.

"లాటరీ వాణ్ణి వెళ్ళగొడతానన్నావు. ఏడీ?" అంది అదుసెయ్ కొట్లోకి వస్తూనే.

"సామాను సర్దుకుంటున్నాడమ్మా."

"వాడి వాటా చూపించు. నేను మాట్లాడతా."

"ఇంట్లో లేడమ్మా. ఏవో అంత్యక్రియలకి వెళ్ళాడు."

"సైటు అంత్యక్రియలకి వెళ్ళిందా? ఎవరి కుర్చీలో కూర్చుందట, ఆసిబేదేనా?"

అఫ్రాకోమా స్టూలు లాక్కుని, వాడు వచ్చేదాకా కదలనంది. అదుసెయ్‌కి చెమటలు పట్టాయి. పక్క కొట్టువాడు గాలంతా లాగేస్తున్నాడని గొణిగాడు. అలా గొణుగుతూనే కంప్యూటర్ తెరను గోడవైపు తిప్పబోయాడు. ఆమె గట్టిగా పట్టుకుని ఇటు తిప్పుకుంది.

తెర మీద పక్కపక్కనే రెండు పేజీలున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి ఆసిబేది. 'మీ కన్నీటి వేళ మా నీడ' అని రెండూ మొదలయ్యాయి, అక్షరం తేడా లేకుండా ముగిశాయి. ఆఖర్న ఫోను నంబరు కూడా రెండింటిలోనూ ఆసిబేదే.

ఆమె సైటుకు ఆ రాత రాసిచ్చింది ఆమె మొగుడు క్వాచీగారే. చర్చి పాటల బృందానికి పెద్ద. ఒక్కో మాటకూ ఎంత తపస్సు చేశాడో చెప్పి, చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చదివి వినిపించిన మనిషి.

"మరి లాటరీ వాడు?"

"లేడమ్మా. ఒక ఖాతాలో ఎన్ని సైట్లున్నా దేని పేరు దానిదే. అందరూ ఒకేసారి కుళాయి తిప్పితే ధార సన్నబడుతుందేమో గానీ, పక్కింట్లో ఉన్నాడని వాడి మురికి మనకంటదు. ఇంకొకరి పేజీని మక్కికి మక్కి దించితే మాత్రం నెట్‌లో వెతికిపెట్టేవాళ్ళు వెనక్కి నెట్టేస్తారు."

"ముందే ఏడవొచ్చుగా ఆ ముక్క."

"చెబితే ఆదివారం ఆయన తలెత్తి పాటెత్తుకోగలడా? కొత్తగా రాసిపెట్టాను, ఇవాళ ఎక్కించేద్దామనే. శవపేటికల బోటెంగ్‌గారు ఫోటోలన్నీ తలకిందులుగా పెట్టుకున్నాడు. ఆయన పరువూ పక్క వాటా వాడే కాపాడాడు."

ఆమె కళ్ళెదుటే పేజీ మార్చాడు, నంబరూ మార్చాడు. అఫ్రాకోమాకు ఒళ్ళు మండిపోతోంది. మొగుణ్ణి ఎక్కణ్ణుంచి కడగాలో దారి పొడుగునా వరస పెట్టుకుంది. మధ్యలో ఫోను మోగింది. ఎవరికో శనివారానికి కుర్చీలు కావాలట. బేరం కుదిరినా కోపం తగ్గలేదు.

వాకిట్లో కూనిరాగం తీస్తున్న క్వాచీగారు ఆమెను చూసి ఆపేశాడు. మొహంలోకి చూడలేదు. చొక్కా బొత్తాం తిప్పుకుంటూ, "ఏమన్నాడు? తప్పెవరిదట?" అన్నాడు మెల్లగా.

వరసపెట్టుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఆగిపోయాయి. పాపం అనిపించింది.

"పక్క వాటా వాడిదట. లాటరీ వాడు."

"నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. వాడి వాలకమే బాగాలేదు."

"ఖాళీ చేయించాం లెండి."

ఆ పూట ఫుఫు ముద్దకి ఉడికిన కర్రపెండలం మాత్రం ఆయన చేతే దంపించింది. చేతులు పడిపోతున్నాయని ఆయన మొత్తుకుంటే, పక్క వాటా వాణ్ణి సాయం పిలుచుకోమంది.