గంగమ్మవ్వ పంపిన గడ్డిమోపు

మొన్న ప్రొద్దుటూరులో మా ఆయన ఒక పెట్టె మామిడిపండ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పసుపు పూసినట్టు నిగనిగలాడుతున్నాయి గానీ, ముక్కు ఆనించి ఎంత పీల్చినా మాగబెట్టే మందు పొట్లాల ఘాటు తప్ప ఇంకే వాసనా లేదు. "ఇవి పండ్లా, రంగేసిన రాళ్ళా?" అని నేను కసిరితే పాపం ఆయన ఇంకో గదిలోకి పోయాడు. ఏం చేయను, పండు వాసన అంటే నాకు పులివెందుల పక్కన మా ఊరిలోని చీకటిగది వాసనే.

నా చిన్నప్పుడు, ఎండలు ముదిరి వీధికుక్కలు కూడా నీడ వెతుక్కునే రోజుల్లో, బావి దగ్గరి బేనీషా మామిడి చెట్ల కాయ సొన కార్చుకుంటూ బండిలో ఇల్లు చేరేది. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, తొడిమలు కిందికి పెట్టి సొన ఆర్చి, దెబ్బ తిన్నవి ఊరగాయకు తీసి, మిగతావి చీకటిగదిలో ఒక వరుస వరిగడ్డి, ఒక వరుస కాయ చొప్పున పేర్చి మాగేసేది. తలుపు మూశాక మళ్ళీ ఆమె తీయాల్సిందే. మేము తలుపు సందుకు ముక్కులు పెట్టి, రోజురోజుకూ చిక్కబడే ఆ వాసనకు నోరూరించుకుంటూ మధ్యాహ్నాలన్నీ వసారాలోనే పొర్లాడేవాళ్ళం. మాది మెట్టసేద్యం, వరిగడ్డి యాడిది? ఎదురింటి గంగమ్మవ్వ వాళ్ళకు గండి దగ్గర పాపాఘ్ని ఏటి పక్కన వరిమడి ఉండేది. కాయ మాది, గడ్డి వాళ్ళది, పండినాక తొలి గంప వాళ్ళింటికి. ఏటా అదే పద్ధతి.

ఆ ఏడు ఊరు రెండు పార్టీలైంది. నాయన ఒక పార్టీ, గంగమ్మవ్వ కొడుకు ఓబులేసు మామ ఇంకో పార్టీ. పక్క ఊళ్ళో ఒక మనిషిని నరికినాక రెండిళ్ళకూ మాటలు ఆగిపోయాయి. వీధికి ఈ పక్క పిల్లలం ఈ పక్కే గోలీలాడుకోవాలి. ఎక్కడో గడ్డివాములో దాచిన నాటుబాంబు కొరికి ఎద్దు చచ్చిందని విన్నప్పటి నుంచి, గడ్డి కనబడితే చాలు, అమ్మ మమ్మల్ని రెక్క పట్టి లాగేది.

పార్టీలు ఎట్లా పోయినా కాయ మాత్రం కోతకొచ్చి ఇంట్లో పడింది. వట్టి బండల మీద ముడతలు పడుతుంటే జేజికి అన్నం సహించలేదు. ఒక సాయంత్రం అరుగు మీద నిలబడి, ఎదురింటికి వినబడేటట్టు మా బర్రెతో మొర పెట్టుకుంది.

"ఏం జేద్దామే? కాయంతా ముడుసుకపోతాంది. గడ్డి యాడ తెచ్చేది?"

బర్రె తల ఎత్తలేదు. ఎదురింటి తలుపూ కదల్లేదు.

తెల్లారి చూస్తే మా అరుగు మీద పెద్ద గడ్డిమోపు! వేసినవాళ్ళను ఎవరూ చూడలేదు. నాయన ముఖం పాలిపోయింది. "ఎవురూ అంటొద్దు! లోపల ఏం పెట్టినారో ఏమో" అంటూ బిందెడు నీళ్ళు ఎత్తుకొచ్చాడు. తడిస్తే బాంబు పేలదని అప్పట్లో మా ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. అమ్మ మమ్మల్ని దొడ్లోకి తోసింది. నేను ఆమె చెయ్యి వదిలించుకుని తలుపు చాటున నక్కాను.

జేజి మోపుకు అడ్డం నిలబడింది. "తడిగడ్డిలో కాయ మాగుతాదా, కుళ్ళుతాదా? దించు బిందె."

"మా, నీకేమన్నా మతి పోయిందా? వాళ్ళు ఆ పార్టీ!"

"పార్టీలు మీయిరా. గడ్డి గంగమ్మది. ఈ ఇంటికి కోడలుగా వచ్చినకాడి నుంచి ఆ గడ్డిలోనే మాగేసినా."

"గండి ఆంజనేయా" అంటూ చతికిలబడి కట్టు విప్పింది. పిడికెడు పిడికెడు తీసి పక్కన వేస్తోంది. జేజి చచ్చిపోతుందని నేను తలుపు రెక్కను గట్టిగా పట్టుకున్నాను. సగం మోపు అయ్యేసరికి నుసి ముక్కులోకి పోయి జేజి అదిరిపోయేటట్టు తుమ్మింది. నాయన బిందెతో సహా అరుగు మీది నుంచి వీధిలోకి దూకాడు. ఎదురింటి కిటికీలో ఎవరో పక్కున నవ్వారు. అడుగు దాకా చూస్తే ఉన్నది వట్టి గడ్డే.

కాయ మాగి ఇల్లంతా గుబాళించిన రోజున, జేజి తొలి గంప నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా వీధి దాటింది. గంగమ్మవ్వ గడపలోనే గంప అందుకుని, "గడ్డి సాలిందా వదినా?" అంది.

"సాలింది. శానా బాగ మాగినాయి."

నాయన, ఓబులేసు మామ ఆ తర్వాత కూడా ఓట్లు చెరో పక్కే వేసుకున్నారు. పలకరింపులు మాత్రం ఆ ఎండాకాలమే మొదలయ్యాయి. మొదట్లో ఉత్త దగ్గులు, ఆ తర్వాత బీడీకి నిప్పు అడగడం, ఆ తర్వాత మాటలు.

ఇప్పుడు జేజి లేదు. బేనీషా చెట్లు బావితో పాటే ఎండిపోయాయి, చీకటిగది పడగొట్టి మిద్దె వేశారు, గంగమ్మవ్వ వాళ్ళ మడి అరటితోట అయింది. పోయిన వేసవిలో ఊరికి పోయినప్పుడు ఎవరిదో ట్రాక్టరు మా వీధిలో గడ్డి దించి పోయింది. ఎవరు పంపారని ఎవరూ అడగలేదు. మా తమ్ముడి కూతురు, ఓబులేసు మామ మనవడు చేతులు పట్టుకుని అరుగు మీది నుంచి దాంట్లోకి దూకారు. ఇద్దరూ నెత్తి నిండా గడ్డితో పైకి లేచి, బిగుసుకుపోయిన నన్ను చూసి నవ్వారు.

"రా అత్తా, ఏం గాదులే!" అంది తమ్ముడి కూతురు.

ఏం గాదులే! నా చిన్నతనంలో ఆ వీధిలో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు.