రష్యా బావ, ఉక్రెయిన్ బావ, ఒక జత ఎద్దులు

బడిలో సోషల్ చెప్పేదాన్ని కాబట్టి ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా జవాబు నేనే చెప్పాలి. లెక్కల మాస్టారిని దారిలో ఆపి ఎక్కం అప్పజెప్పమని ఎవరూ అడగరు. నన్ను మాత్రం సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటున్నా వదలరు. "టీచరమ్మా, ఈ యుద్ధం ముందు మొదలెట్టినోడు ఎవుడేటి?" అని నిలదీస్తారు. రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లిన ఏడాది నేను హుకుంపేట దగ్గర ఒక కొండ ఊళ్లో పనిచేస్తున్నాను. విజయనగరం వైపు పల్లం నుంచి వెళ్లినదాన్ని. ఒకామె ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఇదంతా ఆమె పొలం గురించే.

పొలమంటే ఏముంది, కొండవాలున సామలు చల్లుకునే చిన్న చెక్క. ఆమెకు మొగుడున్నాడు, అదే ఊళ్లో అన్న ఉన్నాడు. మొగుడికి ఒక ఎద్దు, అన్నకు ఒక ఎద్దు. రెండూ కలిపితేనే నాగలికి జత. తొలకరి పడగానే ముందు ఆమె పొలం, ఆ తర్వాత అన్న పొలం దున్నుకునేవారు. అలా ఏ గొడవా లేకుండా సాగిపోతుండగా ఊరి పైనున్న రాతిబండ మీద సెల్‌ఫోన్ సిగ్నల్ అందడం మొదలైంది. ఇంకేముంది, కొంప మునిగింది.

బావలిద్దరూ సాయంత్రాలు బండెక్కి ఒకే ఫోనులో యుద్ధం చూసేవారు. మొగుడిది రష్యా పక్షం. ఎందుకయ్యా అంటే, వాళ్ల నాన్న సీలేరు ప్రాజెక్టులో కూలికి వెళ్లినప్పుడు ఎవరో రష్యా ఆయన సిగరెట్టు ఇచ్చాడట. సగం కాల్చింది కాదు, కొత్తది. అన్నగారిది ఉక్రెయిన్ పక్షం. అతని గట్టును పక్క పొలంలో ఉన్న పెద్దన్న ఏటేటా జానెడు జరుపుతున్నాడు. అందుకని పటంలో పెద్ద దేశం పక్కన చిన్న దేశం కనబడితే చాలు, అతనికి రక్తం ఉడికిపోయేది.

"వేరుపడ్డ తమ్ముడి పెరట్లోకి అన్నొచ్చి కొడితే ఒప్పేటి బావా?" అనేవాడు అన్న.

"తమ్ముడు మాత్రం పెద్దోడి కంచెకాడ పరాయోళ్ల కుక్కల్ని తెచ్చి కట్టొచ్చేటి బావా?" అనేవాడు మొగుడు.

ఎంత తిట్టుకున్నా బావా అనడం మాత్రం మానలేదు, అదీ మర్యాదంటే. చివరికి ఒకనాడు మొగుడు జీలుగు కల్లు పట్టించి, "ఉక్రెయినోళ్ల గుంటని సేసుకోడమే నా తప్పు" అన్నాడు. చెల్లెల్ని అంత మాట అనేసరికి అన్న తన ఎద్దును విప్పుకుని చక్కా పోయాడు.

ఆ వారమే వాన పడింది. కొండవాలు నేల, పదును ఆరితే నాగలి దిగదు. దున్నకపోతే సామల్లేవు, సామలు లేకపోతే ఆ ఇంట్లో చలికాలం కూడు లేదు. ఆమె మొగుణ్ణి అడిగింది. అన్నను అడిగింది. ముందు అవతలివాడు తప్పు ఒప్పుకోవాలన్నారు ఇద్దరూ. "ఈళ్ల యుద్ధం పాడుగాను! నా గింజలు ఏ రాయి మీద సల్లుకోను టీచరమ్మా?" అని నా గుమ్మంలో కూలబడింది. ఊరిపెద్ద దగ్గరికి వెళ్లమన్నాను. వెళ్లింది. ఎద్దుల తగువు తీర్చమంది. ఎద్దుల తగువు ఆకు మాత్రమే, వేరు యుద్ధంలో ఉంది, వేరు పెరక్కుండా ఆకు తుంపి ఏం లాభం అని పెద్దలు యుద్ధం మీదే పంచాయితీ పెట్టారు.

ఆ ఊరి పంచాయితీకి ఒక పద్ధతుంది. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లు రాలేకపోతే వాళ్ల తరఫు మనిషి ఒకరు వాళ్ల చోట కూర్చోవాలి. ఖాళీ చోటును చూస్తూ తీర్పు చెప్పరు. తప్పు తేలినవాళ్లు ఊరికి మేకను పెట్టాలి. ఆ కూర రెండు పక్షాలూ పక్కపక్కన కూర్చుని తింటే తగువు తీరిపోయినట్టే, మళ్లీ ఎత్తకూడదు. కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగే మా పల్లపోళ్ల కన్నా నయమే.

రష్యా చోట మొగుడు కూర్చున్నాడు. ఉక్రెయిన్ చోట అన్న కూర్చున్నాడు. ఊరిపెద్ద నలువైపులా చూసి, "కర్రలందించినోళ్ల తరపున ఎవులూ లేరేటి? టీచరమ్మా, నువ్వు అమెరికాకి కూకో" అన్నాడు.

"నేనెందుకు కూర్చోవాలి?"

"నీకు ఇంగిలీసొచ్చు గదా."

కూర్చున్నాను. నా ఖర్మ.

"గట్టు ముందు దాటిందెవులు?" అని పెద్ద అడిగాడు. "నానే దాటాను. ఎందుకు దాటానో కూడా అడగండి మరి" అన్నాడు రష్యా, ఛాతీ విరుచుకుని. ఉక్రెయిన్ ఒక్కసారిగా ఏడ్చేశాడు. "నా ఇల్లు కాల్చేసినారు బావా" అంటూ తల బాదుకున్నాడు. అతని ఇల్లు అతని వెనకే ఉంది, చూరు కింద కోడి కూడా కదలకుండా పడుకుని ఉంది. అయినా ఇద్దరు ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఒక తాత లేచి, రష్యా ఉక్రెయిన్ అన్నదమ్ములకి మొదట పంపకం చేసిన పెద్దలెవరో చెప్పమన్నాడు. వాళ్లు పోయారని చెప్పాను. "సచ్చినోళ్ల మీద తప్పెయ్యకూడదు" అని ఆయనే కూర్చున్నాడు.

తర్వాత నా వంతు. పెద్ద నా వైపు తిరిగాడు. "అమెరికా, నిన్నే. ఇద్దరు కొట్టుకుంటంటే ఇడదియ్యాల గాని, ఒకడికి కర్రిస్తావేటి?"

అప్పటిదాకా అమెరికా మీద నాకు వీసమెత్తు అభిమానం లేదు. కానీ నలుగురిలో వేలు పెట్టి చూపించేసరికి ఒళ్లు మండింది. "ఇవ్వకపోతే వాడు చచ్చేవాడు! మీరెవరైనా అడ్డం వెళ్లారా?" అని గొంతు చించుకున్నాను. కాసేపు నేను చెప్పిందే న్యాయమని గట్టిగా నమ్మాను కూడా.

పొద్దు వాలుతుండగా ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఆ కొట్లాట ఇంకా ఆగనేదు. ఆగని కొట్లాటకి తీర్పుండదు. అది ఆగినాక కూకుందాం. అందాకా ఎవులి ఎద్దు ఆళ్ల పాకలోనే."

పొద్దుటి నుంచీ ఆడవాళ్ల మధ్య నిలబడే ఉన్న మా ఇంటామె నా దగ్గరకొచ్చి, "అది ఎప్పుడాగుతాది టీచరమ్మా?" అంది. నాకేం తెలుసమ్మా అన్నాను. నా మొహం ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మేమింకా దులుపుకుని లేవకముందే ఎవరో కేక పెట్టారు. చూస్తే ఆమె రెండు పాకల్లోంచీ రెండు ఎద్దుల్నీ విప్పేసింది, కాడి కట్టింది, పొలంలో నాగలి పట్టుకుని నిలబడి ఉంది. ఓలమ్మో! ఆ కొండ మీద ఆడది నాగలి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే వాన ముఖం చాటేస్తుందంటారు. మా పల్లంలో మాత్రం ముట్టుకోనిచ్చారా ఏమిటి, ట్రాక్టర్లు రాబట్టి ఆ సంగతి బయటపడటం లేదు.

ఊరంతా పరుగెత్తింది. అందరికన్నా ముందు బావలిద్దరూ. "ఒగ్గీయే! ఊరికి వాన రాదే!" అంటూ మొగుడు నాగలి మేడి లాక్కున్నాడు, అన్న ఎద్దుల పగ్గం అందుకున్నాడు. ఎద్దులకు యుద్ధం సంగతి తెలియదు కదా, పగ్గం తగలగానే నడిచాయి. చాలు పడింది. "ఆపినారంటే మళ్లీ నానే పట్టుకుంటాను" అని ఆమె వెనకే నడిచింది. ఆమెకు భయపడి ఇద్దరూ చీకటి పడేదాకా దున్నారు.

ఈలోగా గట్టు మీద ఆమె పంచాయితీ జరిగింది. ఆమె నాగలి వెనకే ఉన్నా, ఈసారి ఆమె చోట ఇంకొకరు కూర్చోనక్కర్లేకపోయింది. ఎందుకు ముట్టుకుందో ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే, "అమెరికా పని అయిపోనాది, నువ్వు కూకోమ్మా" అన్నారు. ఎద్దులు మొదటి చాలు చివర మళ్లేలోపే తీర్పు వచ్చేసింది. తప్పు ఆమెది, మేక ఆమెది.

ఉన్నది ఒక్క మేక. మర్నాడే కోశారు. బావలిద్దరూ ఒకరి ఆకులో ఒకరు ముక్కలు వేసుకుంటూ తిన్నారు. పక్క ఊరి చుట్టం ఒకాయన వచ్చి ఏమిటీ విందని అడిగాడు.

"ఏటీ నేదు, మా ఇంటిది నాగలి ముట్టుకుంది" అన్నాడు మొగుడు.

"గొడవంతా దానివల్లే" అన్నాడు అన్న.

"అవును బావా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తింటున్న ఆకు వదిలేసి పొలానికి పోయాను. ఆమె ఒక్కతీ ఒడిలోంచి సామలు గుప్పిళ్లతో చల్లుతోంది.

"విన్నావా? ఊళ్లో గొడవంతా నీవల్లేనట!"

"అననీ టీచరమ్మా. తప్పు నాదని తేలబట్టే గదా, ఆళ్లిద్దరూ కలిసి కూడు తింటన్నారు." ఇంకో గుప్పెడు చల్లి నా వైపు తిరిగింది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఆ యుద్ధం కాడ ఆడోళ్లకి మేకల్లేవేటి?"